తలచిన సంఖ్య తెలియుటెట్లు?

1981వ సంవత్సరములో నేను డిగ్రీ మొదటి సంవత్సరము చదువుచుంటిని. వార్షిక పరీక్షలకు ఇంకను ఒక నెల యుండగా, ఒక సాయంకాలము మా వసతిగృహమునకు ఒక పెద్దమనిషి వచ్చెను. తెల్లని దుస్తులు, చంకకు ఒక తోలుసంచి, మృదువైన మాట. ఎదుటివారి మనసులోని సంఖ్యలను తాను చదువగలనని చెప్పి, వరండాలో చాప పరపించి, మమ్ము చుట్టును కూర్చుండబెట్టుకొనెను. ఒక్కొక్కరికిని ఒక కాగితపు ముక్క ఇచ్చి లెక్క చేయుమనెను. పుట్టిన నెల సంఖ్యను 5తో గుణించి 6 కలుపవలెను. వచ్చినదానిని 4తో గుణించి 9 కలుపవలెను. దానిని మరల 5తో గుణించి, పుట్టిన తేదీని కలుపవలెను. కాగితమును ఆయనకు చూపనక్కరలేదు. చివరి మొత్తమును మాత్రము పైకి చెప్పిన చాలును.

నా గదిలోనుండిన మిత్రుడు చరిత్ర విద్యార్థి. లెక్కలనిన అతనికి చిన్ననాటినుండియు భయము. అతడు చెమటలు తుడుచుకొనుచు లెక్క ముగించి "856" అనెను. ఆ పెద్దమనిషి కన్నులు మూసికొని, కొంతసేపటికి తెరచి, "లెక్క తప్పింది నాయనా. పక్కనున్న అబ్బాయితో చేయించు" అనెను. ఆ పక్కనున్న అబ్బాయిని నేనే. కాగితము చూడగా 173ను 5తో గుణించునపుడు, పదుల స్థానమునకు చేర్చవలసిన ఒకటిని మావాడు మరచియుండెను. నేను దిద్ది "866" అని చెప్పితిని. ఆయన వెంటనే "జూలై ఒకటి" అనెను. మా మిత్రుని ముఖము పాలిపోయెను.

ఆ తరువాత తోలుసంచి తెరువబడెను. అందుండి మడచిన చీటీలు వెలువడెను. ఒక్కొక్కదానిలో ఒక అదృష్టసంఖ్య యున్నదనియు, పరీక్షలు ముగియువరకు దానిని చొక్కా జేబులో నుంచుకొనవలెననియు ఆయన చెప్పెను. చీటీ వెల పదునైదు రూపాయలు. పరీక్ష రుసుము కట్టుటకై తండ్రి పంపిన డబ్బులోనుండి మా మిత్రుడు పదునైదు రూపాయలు తీసి ఇచ్చివేసెను. నేను గణితము ప్రధానాంశముగా చదువుచున్నవాడనై యుండియు, పక్కన కూర్చుండి, గుణకారము దిద్దిపెట్టి, ఆ సొమ్ము పోవుటకు నా వంతు సాయము చేసితిని.

ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. గుణకారము తప్పగానే ఆ పెద్దమనిషికి తేదీ ఎందుకు కనబడకపోయెనన్న ప్రశ్న నన్ను వదలలేదు. మా మిత్రుని మనసులో జూలై ఒకటి మొదటను ఉన్నది, తరువాతను ఉన్నది. మారినది కాగితము మీది అంకె మాత్రమే. మనసును చదువువానికి కాగితము మీద తప్పు జరిగినచో వచ్చు నష్టమేమి? అనగా ఆయన చదివినది మనసును కాదు, 866ను. ఇది తోచిన తరువాత పెన్సిలు తీసికొని కూర్చుంటిని. పావుగంట పట్టెను.

విద్యార్థి మిత్రులారా, ఆ పావుగంటలోని పనిని మీకు చెప్పుటకు ముందు, అంతకంటె చిన్నదైన ఒక వినోదమును చూపెదను. ఒక సంఖ్యను తలచుకొనుడు. దానిని రెట్టింపు చేయుడు. 10 కలుపుడు. సగము చేయుడు. మొదట తలచిన సంఖ్యను తీసివేయుడు. మీవద్ద మిగిలినది 5.

తలచిన సంఖ్యను మూతి కట్టిన ఒక సంచిగా భావింతము. లోపల ఎన్ని గోళీలున్నవో మనకు తెలియదు. రెట్టింపు చేసిన రెండు సంచులు. 10 కలిపిన రెండు సంచులును పది గోళీలును. సగము చేసిన ఒక సంచియు అయిదు గోళీలును. తలచిన సంఖ్యను తీసివేయుమనగా ఆ సంచిని తీసి అవతల పెట్టుమని అర్థము. మిగిలిన అయిదు గోళీలు మీరు తలచినవి కావు. నేను కలిపించిన పదిలో సగము. సంచి మూతి ఒక్కమారును విప్పబడలేదు. మీరు తలచినది 3 అయినను 3,000 అయినను నాకు భేదము లేదు.

ఈ సంచికే బీజగణితములో అవ్యక్తరాశి యని పేరు. మన ప్రాచీన గణితజ్ఞులు దానిని 'యావత్తావత్' అనిరి. అరబ్బులు 'షై' అనిరి. 'వస్తువు' అని దాని అర్థము. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదు నగరమున, ఖలీఫా అల్‌ మామూన్‌ కాలములో, ముహమ్మద్‌ బిన్‌ మూసా అల్‌ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథము పేరులోని 'అల్‌ జబ్ర్‌' అను మాటయే యూరపు భాషలలో ఆల్జీబ్రా అయినది. మన ఉర్దూ విద్యార్థులకు 'జబ్ర్‌ వ ముకాబలా' అను పేరు పరిచితమే. సమీకరణమున ఒకవైపు తీసివేతగా నున్న రాశిని రెండవవైపు చేర్చి లోటు పూరించుట జబ్ర్‌. రెండువైపులను ఉన్న సమాన రాశులను ఒకదానితో నొకటి కొట్టివేయుట ముకాబలా. మన గోళీల వినోదములో చివరి మెట్టు ముకాబలాకు తోబుట్టువే.

ఇట్టి వినోదములలో రెండవ జాతి యొకటి కలదు. అందు తలచిన సంఖ్య మాయము కాదు. వేషము మార్చుకొని చివరి మొత్తములో ప్రయాణము చేయును. మూడుతో గుణించి, పన్నెండు కలిపి, ఎంత వచ్చెనో చెప్పుమని నేను అడిగితిననుకొనుడు. మీరు 39 అనగానే నేను వెనుకకు నడతును. పన్నెండు తీసివేసి 27, మూడుతో భాగించి 9. ఈ వెనుకనడకకు మన గ్రంథములలో విలోమవిధి, వ్యస్తవిధి అని పేర్లు. 499వ సంవత్సరమునకు చెందిన ఆర్యభటీయములోనే ఈ విధి చెప్పబడినది. గుణకారమున్న చోట భాగహారము, కూడికయున్న చోట తీసివేత చేయుచు చివరినుండి మొదటికి పోవుటయే అది. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతమున రచించిన లీలావతిలో దీనికి చక్కని ఉదాహరణములు కలవు. అక్బరు ఆస్థానకవి ఫైజీ 1587లో ఆ లీలావతిని పారసీకములోనికి అనువదించెను. తెలుగులోనైతే అంతకు చాలకాలము ముందే, పదునొకండవ శతాబ్దిలో, పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పద్యములలో తెనిగించియుండెను. లెక్కలు ఒక మతమునకో, ఒక భాషకో కట్టుబడి కూర్చున్న కాలము ఎన్నడును లేదు.

ఇక ఆ రాత్రి పనికి వత్తము. నెలను సంచిగా భావించి పెద్దమనిషి చెప్పిన మెట్లన్నియు ఎక్కితిని. అయిదింతలు చేసి ఆరు కలుపగా అయిదు సంచులును ఆరును. నాలుగింతలు చేయగా ఇరువది సంచులును ఇరువదినాలుగును. తొమ్మిది కలుపగా ఇరువది సంచులును ముప్పదిమూడును. అయిదింతలు చేయగా నూరు సంచులును నూట అరువది అయిదును. దానికి తేదీ చేరును. అనగా చివరి మొత్తమునుండి 165 తీసివేసిన చాలును. నూరింతలైన నెలయు, దాని ప్రక్కనే తేదీయు నగ్నముగా నిలుచును. 866 నుండి 165 పోగా 701. ఏడవ నెల, ఒకటవ తేదీ. మావాడు మొదట చెప్పిన 856 నుండి 165 పోగా 691. ఆరవ నెల, తొంబది ఒకటవ తేదీ! అట్టి తేదీ ఏ పంచాంగములోను లేదు గనుకనే ఆయన కనుబొమలు ముడివడినవి.

ఇందలి చమత్కారము నూరు అను సంఖ్యలో నున్నది. తేదీ ముప్పదియొకటికి మించదు గనుక చివరి రెండు స్థానములలో ఇముడును. నెల నూరింతలైనందున వాని కెడమప్రక్కకు జరుగును. ఒకదానిపై నొకటి పడక రెండును ఒకే సంఖ్యలో నివసించును. స్థానమును బట్టి అంకెకు విలువ నిచ్చు నేటి దశమాన పద్ధతి ఈ దేశమున పుట్టినది. ఆ పద్ధతి లేనిదే ఈ మోసము కూడ లేదు. అయిదు, నాలుగు, అయిదు అని ముక్కలుగా గుణింపజేయుట కేవలము కనుగట్టు. నెలను నూరుతో గుణించి తేదీ కలుపుమని సూటిగా అడిగినచో పసివాడైనను గుర్తుపట్టును. నడుమ కలిపించిన 6, 9 అను అంకెలు గుర్తు చెడగొట్టుటకై చల్లిన దుమ్ము.

ఇదే సరకు నేడు సెల్‌ఫోనులలో సందేశముగా తిరుగుచున్నది. చెప్పుల కొలత నడిగి, దానిని 5తో గుణించి, 50 కలిపి, 20తో గుణించి, ఒక సంఖ్య కలిపించి, పుట్టిన సంవత్సరమును తీసివేయింతురు. చెప్పుల కొలతయు వయస్సును ప్రక్కప్రక్కన వచ్చునని ఆశ్చర్యపోవుచు పదిమందికి పంపుచుందురు. నడుమ కలిపించు ఆ సంఖ్య, నడచుచున్న సంవత్సరమునుండి వేయి తీసివేయగా వచ్చునది. ఏటేట దానిని మార్చనిచో సందేశము అబద్ధమాడును. నిరుటి సందేశమును ఈ యేడు ఎవరైన పంపినచో, అందరి వయస్సును ఒక్కొక్క యేడు తగ్గును. ఇంతటి సులభమైన యౌవనము వైద్యశాస్త్రములో లేదు.

సభలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1089. మూడంకెల సంఖ్య యొకటి తీసికొని, తిరుగవ్రాసి, పెద్దదానినుండి చిన్నదానిని తీసివేయవలెను. వచ్చినదానిని మరల తిరుగవ్రాసి కూడవలెను. 852 నుండి 258 పోగా 594. దానికి 495 కలుపగా 1089. మొదటి అంకెకును చివరి అంకెకును భేదము రెండైనను ఉండవలెనని ముందే చెప్పినచో ఎవరు చేసినను ఇదే వచ్చును. తీసివేతలో నడిమి అంకె రెండుచోట్లను ఒకటే గనుక రాలిపోవును. మిగులునది 99 యొక్క గుణిజము. 198, 297, 396 మొదలుకొని 891 వరకు ఎనిమిదే సంఖ్యలు. అన్నింటిలోను నడుమ 9. చివరలు రెండును కలిసి 9. ప్రదర్శకుడు 1089ని ముందే వ్రాసి కవరులో అంటించి పెట్టుకొనును. అయితే ఒక సభలో రెండవమారు చేయడు. ఎందుకో చెప్పనక్కరలేదు.

తొమ్మిదితో నాకు ఒక పరాభవము కూడ కలదు. అధ్యాపకుడనైన తరువాత ఒకనాడు తరగతిలో అంకె కొట్టివేత చూపుచుంటిని. ఏదైన పెద్ద సంఖ్య తీసికొని, దాని అంకెల మొత్తమును దానినుండి తీసివేసి, వచ్చినదానిలో ఒక అంకెను కొట్టివేసి, మిగిలిన అంకెల మొత్తమును నాకు చెప్పవలెను. ఉదాహరణకు 7352. అంకెల మొత్తము 17. తీసివేయగా 7335. అందులో ఒక 3 కొట్టివేసినచో మిగిలిన 7, 3, 5 కలిసి 15. దాని తరువాత వచ్చు తొమ్మిది గుణిజము 18. కాబట్టి కొట్టివేసినది 3. ఏలయనిన 7,000 అనగా ఏడు 999లును ఒక ఏడును. 300 అనగా మూడు 99లును ఒక మూడును. 50 అనగా అయిదు 9లును ఒక అయిదును. అంకెల మొత్తమును తీసివేయగానే ఆ విడి ఏడు, మూడు, అయిదు, రెండు పోవును. మిగిలినదంతయు తొమ్మిదుల కుప్ప. అట్టి సంఖ్య అంకెల మొత్తము కూడ తొమ్మిది గుణిజమే యగును.

నలుగురైదుగురి అంకెలు సరిగా చెప్పి నేను గర్వించుచుండగా, ఉర్దూ మాధ్యమములో చదివి వచ్చిన ఒక విద్యార్థిని లేచి, "పద్ధెనిమిది, సార్‌" అనెను. నేను "సున్న" అంటిని. ఆమె తలయూపి "తొమ్మిది" అనెను. తరగతి నవ్వెను. ఆమె మాత్రము నవ్వక, "సున్న కొట్టేసినా పద్ధెనిమిదే వస్తుంది, తొమ్మిది కొట్టేసినా పద్ధెనిమిదే వస్తుంది గదా సార్‌. మీకు ఎట్ల తెలుస్తుంది?" అని అడిగెను. ఆమె తీసికొన్నది 5604. అంకెల మొత్తము 15 పోగా 5589. నాకు తెలియుటకు మార్గమే లేదు. నా చేతికి ఆమె ఇచ్చిన సమాచారములో ఆ భేదము లేదు. లేనిదానిని ఏ గణితమును పుట్టింపలేదు. సున్నను కొట్టివేయరాదని ముందే నియమము పెట్టవలసినదని ఆమెయే సూచించెను. నాటినుండి నేను అట్లే చేయుచున్నాను. ఈ విద్యను చూచి ఆశ్చర్యపడినవారు అనేకులు. ఇది ఎక్కడ విరుగునో వెదకినది ఆ బాలిక యొక్కతెయే.

ఎంత చెప్పిరో అంతయే తెలియునన్న ఈ సంగతిని ఆరు కార్డుల వినోదము మరింత విశదపరచును. ఆరు అట్టముక్కలు. ప్రతిదానిమీద 1 నుండి 63 లోపల ముప్పదిరెండేసి సంఖ్యలు. ఒక సంఖ్యను తలచి, అది ఏయే అట్టలమీద ఉన్నదో చెప్పవలెను. ప్రదర్శకుడు ఆ అట్టల మొదటి సంఖ్యలను కూడి జవాబు చెప్పును. మొదటి సంఖ్యలు 1, 2, 4, 8, 16, 32. మీరు 45 తలచినచో అది 1, 4, 8, 32 అని మొదలగు అట్టలమీదనే ఉండును. వాని మొత్తము 45.

అంగడిలోని తూకపురాళ్ళను తలచుకొనుడు. ఒక కిలో, రెండు, నాలుగు, ఎనిమిది, పదునారు, ముప్పదిరెండు కిలోల రాళ్ళు ఒక్కొక్కటి యున్న చాలును. 63 కిలోల వరకు ఏ పూర్ణసంఖ్య బరువైనను తూచవచ్చును. ప్రతి బరువునకును రాళ్ళ కూర్పు ఒక్కటే. 45 కావలెననిన ఏ రాళ్ళు వేయవలెనో, 45 ఆ అట్టలమీదనే వ్రాయబడును. గణనయంత్రములు సంఖ్యలను ఒకటి, సున్న అను రెండు గుర్తులతో దాచుకొను పద్ధతియు ఇదియే. ఇందు మనసు చదువబడినదా? ఆరుమార్లు 'ఉన్నది', 'లేదు' అని మీ నోటనే చెప్పితిరి. సున్నతో కలిపి అరువదినాలుగు అవకాశములలో, ఒక్కొక్క జవాబు సగమును తుడిచివేయును. ఆరు జవాబులకు ఒక్కటే మిగులును. 100 వరకు సంఖ్యలతో చేయదలచినచో ఏడు అట్టలు వలయును. మన గణిత సంఘము వారు ఒక మధ్యాహ్నము కూర్చున్నచో వానిని తయారుచేయవచ్చును.

గణితము అంతగా లేని ఉపాయము కూడ ఒకటి కలదు. 1కిని 50కిని నడుమ రెండంకెల సంఖ్య తలచుమందురు. రెండును బేసి అంకెలు కావలెను, రెండును ఒకటే కారాదు. వినుటకు విశాలముగా తోచును గాని, లెక్కించినచో 13, 15, 17, 19, 31, 35, 37, 39 అని ఎనిమిదే యున్నవి. ఉదాహరణకు 15 అని ప్రదర్శకుడు ముందే అని, దానిని వాడుకచేసి చెరచును. అందుచేత చాలమంది 37 వైపు మొగ్గుదురు. తప్పినచో "ముందు 35 అనుకొని మార్చుకొంటిని" అని చిరునవ్వు నవ్వును. తగిలిన సభను జనులు పదియేండ్లు చెప్పుకొందురు. తప్పినదానిని ఇల్లు చేరులోపల మరతురు.

ఇంతకును ఆ రాత్రి పెన్సిలు పని ముగియగానే మా మిత్రుని లేపితిని. అతడు కన్నులు నులుముకొనుచు, "నా పుట్టినరోజు ఆయనకు ఎవరు చెప్పినారు రా?" అనెను. "నువ్వే చెప్పినావు. 866 అన్లేదా?" అని నేను కాగితము చూపితిని. అతడు నమ్మలేదు. చీటీని జేబులోనే యుంచుకొనెను. తక్కువపడిన రుసుమును మేము గదివారము నలుగురము వేసికొని కట్టితిమి.

పరీక్షలు ముగిసి ఊరికి పోయి వచ్చిన తరువాత అతడే ఆ మాట ఎత్తెను. జూలై ఒకటిని తెలిసికొన్న ఆ మహానుభావుని సంగతి ఇంట తల్లితో గొప్పగా చెప్పెనట. ఆమె చేటలోని బియ్యము చెరుగుట ఆపి, "జూలై ఏంది రా? నువ్వు పుట్టింది చెనక్కాయలు పీకే దినాల్లో. బళ్లో ఏసేటప్పుడు అయ్యవారే రాసుకున్న్యాడు ఆ తారీకు" అనెనట. మా పల్లెలలో అనేకుల జన్మదినము అట్లే, బడి రిజిష్టరులో, ప్రధానోపాధ్యాయుని కలమునుండి పుట్టినది. మా మిత్రుడు ఆ చీటీని తీసి నా చేతిలో పెట్టెను. విప్పి చూడగా అందు 7 అని వ్రాసియుండెను.